మూలం చూపండి

ఈ దీవిలో వాన పడుతోందని ఎవరూ అనరు.
ఆగితే మాత్రం చెప్పుకుంటారు.
చిలోయేలో మా బడి. కట్టెల పొయ్యి పక్కన
ఏడు కంప్యూటర్లు, పందొమ్మిది మంది పిల్లలు,
గాలి తిరిగితే తెగిపోయే ఇంటర్నెట్టు.

"మన దుంపల గురించి మనమే రాసుకుందాం" అన్నాను.
"ఒక్కో రకానికి ఒక్కో పుట.
ఎవరైనా రాయొచ్చు. ఎవరు రాసిందైనా ఎవరైనా దిద్దొచ్చు."
"మీరు రాసింది కూడానా, టీచర్?"
"నాదే ముందు."

ఇంటిని దుంగల మీదికెత్తి
ఊరంతా కలిసి లాగే మీ పని లాంటిదే ఇది, అని కూడా అన్నాను.
అవతలి ఒడ్డు నుంచి వచ్చినదాన్ని, నాకు ఉపమానాలెక్కువ.
ఎవరూ వినలేదు. అప్పటికే ఓరియానా
నా మొదటి వాక్యంలో రెండు తప్పులు పట్టేసింది.
ఇవాళ ఆ పేరాలో నావి నాలుగు మాటలు మిగిలాయి.

మొదటి వారం జాబితా అంతా ఎర్రెర్రగా ఉంది.
పేరుంది, పేరు వెనక ఏమీ లేదు. అదీ ఎరుపంటే.
నొక్కితే ఒక ఖాళీ గది తెరుచుకుని
ఏమైనా రాస్తావా అని అడుగుతుంది.
రాశారు. ఒక్కో పేరూ నీలమవుతూ వచ్చింది:
ఉడకబెడితే పగిలేది. పందులకి పెట్టేది.
మా మామయ్య పెళ్ళిలో మాడిపోయింది.
చివరిది తీసేయబోయి ఆగాను.

పరీక్షల అధికారి వచ్చి అడిగాడు,
ఇందులో ఎవరిది ఎంత? మార్కులెవరికి?
చరిత్ర తెరిచి చూపించాను.
కళ్ళజోడు తుడుచుకుని, టీ అడిగాడు.

ఆ తర్వాత యుద్ధం.
లోపల ఊదా చారలుండే వంకర దుంప.
యెసేనియా దాన్ని మంత్రగత్తె అంది.
ఎలియేసెర్ చెరిపి, గుడ్డికోడి అని రాశాడు.
ఆమె మళ్ళీ పెట్టింది. అతను మళ్ళీ తీశాడు.
ఒకే రాత్రి పదకొండు సార్లు.
అక్షరాలకి కోపం ఉండదంటారు గానీ
రెండేసి నిమిషాల తేడాతో పడ్డ ఆ చెరుపులు చూడండి.

నేను తీర్పు చెప్పలేదు.
చర్చాపుటలో ఒక్క ముక్క రాశాను: మూలం చూపండి.

పొద్దున నా బల్ల మీద
మట్టితో, వేళ్ళతో, దుంపలతో సహా ఒక మొక్క.
"మూలం" అన్నాడు ఎలియేసెర్, చేతులు కూడా కడుక్కోకుండా.

నవ్వాను. కానీ ఆ విత్తనం ఎక్కడిదని
గడపగడపా అడుగుతూ పోతే
యెసేనియా వాళ్ళ అమ్మమ్మ ఇంటి ముందు తేలాం.
ఎర్సీరా వెంచూర్. చదువు రాదు.
ఆమె చెబుతుంటే మనవరాలు కొట్టింది:
మా అమ్మ పుట్టింటి నుంచి పడవలో తెచ్చుకున్న విత్తనం.
కింద మూలం: మా అమ్మమ్మ.

మరుసటి బుధవారం వానలో, రబ్బరు బూట్లతో
ఆమే బడికి వచ్చింది.
"అది తప్పు. దిద్దండి.
పడవా లేదు, పాడూ లేదు.
నావెల్కిన్ వాళ్ళ చేలో రాత్రిపూట తవ్వుకొచ్చింది మా అమ్మ.
బుట్ట పట్టుకున్నది నేనే."
ఎలియేసెర్ నావెల్కిన్ నోరు తెరిచాడు, మూశాడు,
కీబోర్డు యెసేనియా వైపు జరిపాడు.

దొంగిలించినదాన్ని పాత పేరుతో పిలవలేరు కదా.
ఇప్పుడు ఏ పేరుతో వెతికినా ఆ ఒక్క పుటకే దారి.

"ముందు చెప్పింది చెరిపేశారా?"
"లేదవ్వా, చరిత్రలో ఉంటుంది.
ఎవరైనా వెనక్కెళ్ళి చూడొచ్చు."
కాసేపు పొయ్యి వైపు చూసింది.
"ఉండనీ. అరవై ఏళ్ళు మోసిన అబద్ధం,
దానికీ ఓ చోటు ఉండాలి."

వెళ్తూ వెళ్తూ తన పేరెక్కడుందని అడిగింది.
ఎర్రగా ఉంది. ఎందుకలా అంది.
మీ గురించి ఇంకా ఎవరూ పుట రాయలేదన్నాను.
"నయం" అంది, శాలువా తలకి చుట్టుకుంటూ.
"ఇంకా దిద్దుకుంటున్నా."

ఆ రాత్రి రెండు దాటాక, పేరు చెప్పకుండా ఎవరో
మంత్రగత్తె పుటలో ఒక కామా జరిపారు.
ఇప్పటిదాకా ఎవరూ వెనక్కి మార్చలేదు.