పదకొండు నిమిషాలు

కరెంటు పోలేదు.
తప్పుకునింది.

రాత్రి ఒకటీ ఇరవై.
పలమనేరు సబ్‌స్టేషన్లో, తెర మీద
ఒక ఫీడరు ఎరుపెక్కింది.
నేనేం తాకలేదు.
కౌండిన్య అడవంచున చింతకొమ్మకు కట్టిన కెమెరా
తీగకేదో చెప్పింది, తీగ వినింది.

ముప్పై ఏండ్లు ఫ్యూజులు పీకిన చేతులివి.
కబురందుకొని సైకిలెక్కితే
చేరేలోపు తెల్లారేది.
పోయినేడు టమోటా కోతల్లో అట్లనే తెల్లారింది:
జారిన తీగ, దాని కింద ఒక నల్లకొండ,
కొండ చుట్టూ తిరుగుతా
పాలు మరవని పిల్ల.
చెంగల్రాయుడు ఆ చేలో మళ్ళీ నారు పెట్టలేదు.

ఇప్పుడు ఫోన్ల మీద ఫోన్లు.
"మడి సగమే తడిసె, మోటరు ఆగిందే దొరసామీ!"
"పట్టుపురుగులు ఉడికిపోతాండాయి, ఫ్యానెప్పుడు తిరుగుతుంది?"
కన్నెమ్మ తిట్లకు ఊరకుక్కలు గూడా గమ్మునుండాయంట.
అందరి సెల్లుకూ ఒకటే ముక్క పోయింది:
సాంకేతిక కారణాలచే అంతరాయం.

కారణానికి తొండముందని
యాడా రాయలే.

తెర మీద గీత పడుకొనే ఉండాది.
చెరుకు విరిగే చప్పుడు ఈడికి రాదు.
అయినా చెవి ఆడనే.

తర్వాత ఒక్కో ఇల్లే వెలిగింది,
కన్నెమ్మది ముందు.
లాగ్‌బుక్కులో కారణం గడి ఖాళీగా వదిలి
పక్కన పెన్సిలుతో రాసుకున్నా:
పెద్దవి ఆరు.
చిన్నది ఒకటి.