తోడు

బైరాగిపట్టెడలో నా డీటీపీ అంగడి.
పొద్దున పేపర్లో చూసినా:
ఆ కంపెనీ ఇకమీదట
అక్షరాలకు నెలనెలా బాడుగ తీసుకుంటుందంట.
"అ"కు ఎంత, "ఱ"కు ఎంత?
ఱ ఎవురూ వాడరు, తగ్గిస్తారేమో.

పోయిన మాఘంలో
రాజ్యలక్ష్మి పెళ్లిపత్రికలో
మ వత్తు విరిగి పక్కకు పడింది.
ఊరికే దొరికిన ఫాంటు అది,
కడుపు తెరిచి చూడనిస్తుంది.
మూడు రాత్రులు కూర్చుని
వత్తును దాని చోట నిలబెట్టి
మళ్లీ అందరికీ వదిలేసినా.

"ఎంతొచ్చింది?" అనింది మునెమ్మ,
పక్కింటి చెంబులో తోడు వేస్తా.
చెంచాడు పోయినందుకు
మా కుండలో పెరుగేమీ తగ్గలా.
నేను ఆ మాట అనలా,
ఆమెకు తెలవంది కాదు.

నా సొరుగులో దొంగ సీడీ కూడా ఉండాది,
పదేళ్ల నాటిది.
తోడు అడగడం వేరు,
రాత్రిపూట కుండే ఎత్తకపోవడం వేరు.
తెలుసు. పారేయలా.

నిన్న పుత్తూరులో బస్సు దిగితే
ఎదురుగా బోర్డు:
ధనలక్ష్మి ఎముకల కట్ల వైద్యశాల.
విరిగినోళ్లంతా కుంటుకుంటా లోపలికి పోతా ఉండారు.
పైన, నేను కట్టు కట్టిన వత్తు
కుంటకుండా నిలబడి ఉండాది.

బోర్డు వేయించినోళ్లకు నేను తెలీదు.
చేతిసంచి కింద పెట్టి
ఇంకోసారి చదువుకున్నా.