మూడు మిల్లీమీటర్లు

సోమవారం ఓపీలో నూట నలభై చీట్లు.
ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు.
గుంటూరు మే నెల, చెప్పేదేముంది.
రెండింటికి చేతులు కడుక్కుని
పెన్‌డ్రైవు కోసం బ్యాగంతా తడుముకుని
క్లాసుకి వెళ్తాను.
ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస.

పిల్లలకి ముందు చెప్పేది ఒకటే:
ఈ ఎరుపు మెదడులో లేదు, మేం పూసింది.
లెక్క తేలాక కంప్యూటరు అద్దిన రంగు.
అసలు ఎరుపు కావాలంటే
మిర్చి యార్డుకెళ్లి టిక్కీ విప్పించి చూడండి.
నవ్వుతారు.
ఇర్మియా ఒక్కడూ రాసుకుంటాడు.

ఆ తర్వాత, ఎక్కడా అచ్చుకాని బొమ్మ ఒకటి వేస్తాను.
మసక.
తడిచేత్తో తుడిచిన పలకలా ఉంటుంది.

మస్తాన్‌బీ. కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే మనిషి.
చెల్లెల్ని తీసుకొచ్చింది,
ఎవరూ లేని గదిలో గొంతులు వినే చెల్లెల్ని.
జబ్బు మెదడు పక్కన పెట్టి చూడటానికి
మాకు బాగున్న మెదడొకటి కావాలి.
"నాది బాగున్నదేనా?" అని అడిగింది,
ఎవరో మెచ్చుకున్నట్టు.
అవునన్నాను. ఆటో చార్జీ ఇస్తామన్నాను.

నల్లపూసలు తీసి నా చేతిలో పెట్టింది.
ముక్కుపుడక రాలేదు,
కొబ్బరినూనె రాసి తిప్పితే వచ్చింది.
ఆమె చీర ఘాటుకి
టెక్నీషియన్ సుబ్బారాయుడు నాలుగుసార్లు తుమ్మాడు.

కళ్లు మూసుకో. కదలకు. ఏమీ ఆలోచించకు.
ఎనిమిది నిమిషాలు.
రేకుల షెడ్డు మీద రాళ్లు పడ్డట్టు మిషను మోగుతోంది.
ఐదో నిమిషంలో తల తిప్పింది.

ఎందుకు కదిలావమ్మా అంటే
"చెల్లి పిలిచింది" అంది.

ఆ మోతలో ఎవరు పిలిచినా వినపడదు.
చెల్లెలు వరండాలో
సగం కొరికిన బిస్కెట్టు పట్టుకుని నిద్రపోతోంది.

"ఏమీ ఆలోచించొద్దంటే ఎట్టా డాక్టరమ్మా,
అది చేతనైతే నేనూ పడుకునేదాన్ని గదా
ఈ ఆరేళ్లూ."

మూడు మిల్లీమీటర్లు దాటితే తీసెయ్యాలి.
నియమం. తీసేశాను.
పేపరు వచ్చింది, ప్రొఫెసరు కుర్చీ వచ్చింది,
హైదరాబాదులో శాలువా కప్పారు.
'తల కదిలినందున ఒకరిని మినహాయించాము'
అనే వాక్యం ఆరో పేజీలో, పట్టిక కింద,
చీమ తలకాయంత అక్షరాల్లో.

"మేడమ్, ఇందులో ఏ భాగం చూడాలి?"
ఇర్మియా.
తెలీదు బాబూ.
నా ఓపీలో రోగి కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది, చూశావా,
అది మాత్రం అప్పుడు వేయించిందే.

ఇంకొకటి క్లాసులో చెప్పను.
ఆ నల్లపూసలు పట్టుకున్న చేత్తోనే
ఆ రోజు కళ్లు నులుముకున్నాను.
రాత్రిదాకా మండాయి.
నీళ్లు కొట్టుకుంటూ కొట్టుకుంటూ
ఎంతసేపు ఏడ్చానో
ఏది మిర్చి ఘాటో
ఏది కాదో.