చీరమేను కళ్ళు

కోటిపల్లి రేవులో పంటు కదిలాక
లెన్సు మార్చబోయాను.
మూత పళ్ళమధ్య, పాతది చంకలో,
కొత్తది ఇంకా సంచిలో.
గరుడపక్షి దిగింది, నీళ్ళు చీల్చింది,
చేపతో ముక్తేశ్వరం వైపు వెళ్ళిపోయింది.
నా చేతిలో నోరు తెరిచిన కెమెరా,
అందులోకి లంక ఇసుక ఒక రేణువు.

ఆ మాఘమాసం పెళ్ళిళ్ళన్నింట్లో
ఆకాశానికి ఒకే చోట ఒక నల్ల మచ్చ.
ఎదుర్లంక పెళ్ళికూతురికి అది సరిగ్గా బుగ్గన పడితే
దిష్టిచుక్క బాగా కుదిరిందన్నారు.
నేను కాదనలేదు.

అందుకే కాకినాడ వెళ్ళి
పన్నెండు వాయిదాల మీద
పద్దెనిమిది నుంచి మూడొందల దాకా
ఒంటిచేత్తో చూసేదాన్ని తెచ్చుకున్నాను.
నిలబడ్డచోటే పందిరి మొత్తం,
మణికట్టు తిప్పితే తాళిబొట్టు ముడి.
భుజంనొప్పి పోయింది.
నువ్వులనూనె సీసా అటకెక్కింది.

దింపు తీసే ఏసుదాసు మెచ్చుకున్నాడు:
"చెట్టెక్కాక కత్తి మార్చుకుంటామేటండీ?
మట్ట నరికినా గెల కోసినా అదే కదండీ."
నిజమే.
ఆ కత్తిని వాళ్ళావిడ
చేపల దగ్గరికి రానివ్వదని కూడా
అతనే చెప్పాడు.

దీని గుట్టు నాకు తెలుసు,
ఫోనులో చూసుకునేవాళ్ళకి తెలీదు.
వెడల్పు చేస్తే పందిరి రాటలకి పొట్టలొస్తాయి.
ఎండలో కొంగ రెక్క అంచుకి
ఎవరూ నేయని ఊదారంగు జరీ.
మూడొందల దగ్గర లోకమంతా
బియ్యం కడిగిన నీళ్ళలోంచి.
పొద్దు వాలిందంటే రేచీకటి.

దీపావళి వెళ్ళిన వారం యానాం బజారులో
సంగాడి నూకరత్నం
చీరమేను బకెట్టు ముందు పెట్టుకుని
కొట్టుకి ఫ్లెక్సీ కావాలంది.
రోడ్డుకి ఇవతల, బండి దిగకుండానే
సాగదీసి కొట్టాను.
ఆరడుగుల ఫ్లెక్సీ ముందు ఆవిడ
చాలాసేపు నిలబడింది.
"ఏటయ్యా ఇదీ, ఉప్మారవ్వా?
నా చేపలకి కళ్ళేవి?"

మర్నాడు పాత యాభైని బయటికి తీశాను.
అది ముందుకు రాదు, వెనక్కి పోదు.
మనమే వెళ్ళాలి.
వెళ్ళాను. మోకాళ్ళు నీచునీళ్ళలో,
ముక్కు బకెట్టు అంచు మీద,
ఊపిరి బిగబట్టి.
దారప్పోగంత చేప.
ప్రతి పోగుకీ రెండు చుక్కలు,
సూదిమొన కంటే చిన్నవి, నల్లగా, తడిగా,
వేలకొద్దీ, నన్నే చూస్తూ.
పుట్టి బుద్ధెరిగాక ఏటా తింటున్నాను.
చూపు కలిసింది ఆ రోజే.

ఇక్కడితో ఆగితే బాగుండేది,
లెన్సు సంగతి తేలిపోయేది.

శివరాత్రి ముందు రత్నం స్టూడియోకొచ్చింది.
అద్దాల్లో తిరిగే నా ఫోటోల్లో ఒకటి ఆపమంది.
భైరవపాలెం మొగ దగ్గర, మసక వెలుగులో,
ఊగే నావలోంచి ఆ మూడొందలతో కొట్టింది.
దూరంగా ఇంకో నావ,
ముక్కు మీద నిలబడ్డ మనిషి,
మొహం బొటనవేలితో చెరిపినట్టు.
"మా పోలయ్య," అంది.
పెద్దది చేస్తే మొహం ఉండదమ్మా అన్నాను.
"మొహం నాకాడుంది.
ఆ నిలబడ్డ తీరు కావాలి.
ఎడంకాలు అలా వాడొక్కడే..."
పెడతాడు అందో, పెట్టేవాడు అందో,
బయట లారీ హారనులో
సరిగా వినపడలేదు.
మళ్ళీ అడగలేదు.
ప్రింటుకి డబ్బులు మాత్రం ఇచ్చింది,
తడి నోట్లు, నాలుగు.

ఒక్క ఒరవడితో సముద్రంలో కలవలేక
ఏడుగా చీలిన గోదారి ఒడ్డున పుట్టి
ఒక్క గాజుతో అన్నీ చూడాలనుకున్నాను.
ఇలా అంటే బాగానే ఉంటుంది గాని
రేపు పొద్దున్నే తాళ్ళరేవులో ఓణీల ఫంక్షను,
వాయిదాలు ఇంకా మూడు.

సంచిలో యాభై. భుజం మళ్ళీ సలుపుతోంది.
మెడలో పెద్దది. దాని మెడ వదులైపోయి,
ఏటిగట్టు దిగుతుంటే
తనంతట తానే మెల్లగా
ముందుకు సాగుతోంది,
ఎవర్నో గుర్తుపట్టినట్టు.