ఏకవచనం లేని మాట

మే నెల. ఈసల్మిలో మంచు కరిగింది.
చలికాలమంతా కాళ్ళు జారకుండా చల్లిన గులకరాళ్ళు
అపార్ట్‌మెంటు పెరట్లో అలాగే పడున్నాయి
పెళ్ళయ్యాక కూడా కదలని చుట్టాల్లా.

మెట్ల దగ్గర హిల్యా కాగితం అంటించింది:
"శనివారం పదింటికి తల్కోత్. చీపుర్లు తెచ్చుకోండి.
సూప్ నాది."
తప్పక రావాలని రాయలేదు.
రానివాళ్ళని ఎవరూ లెక్కపెట్టరు,
లెక్క మాత్రం అందరికీ తెలుసు.

తొమ్మిదింబావుకే దిగాడు కౌకో.
డెబ్బై ఆరేళ్ళు, ఒక మోకాలు ఉక్కుది.
ఒక్కడే గీకుతున్నాడు, రాళ్ళు కరకరమంటున్నాయి.
"తల్కోత్ మొదలైందా?" అంది కింది వాటా పిల్ల వెన్లా.
"ఇంకా లేదు. ఇది ఉత్త పని."

ఆ మాట చివరి 'త్' మన 'లు' లాంటిది.
పాలకి ఏకవచనం ఉందా?
వడ్లలో ఒక్కటి కావాలంటే
గింజని తోడు తెచ్చుకోవాలి.
ఇదీ అంతే. ఒక్కడే వస్తే ఏమనాలో
ఆ భాష ఆలోచించి పెట్టుకోలేదు.

వెన్లా ఇంట్లోకి పరిగెత్తి
బొమ్మలింటి చీపురు తెచ్చింది. జానెడుంటుంది.
నాలుగు రాళ్ళు అటు జరిపి,
"ఇప్పుడో?"
కౌకో నడుం నిటారు చేసి, ఆకాశం వైపు చూసి,
లోపల ఏదో కూడుకుని,
"ఇప్పుడు ఔను" అన్నాడు.

తర్వాత తలుపులు తెరుచుకున్నాయి.
తోపుడుబండి, పారలు, ఎవరిదో రేడియో.
రేడియోలో మంత్రిగారు: ఖజానా ఖాళీ,
దేశమంతా పొదుపు తల్కోత్‌కి నడుం కట్టాలి.
కౌకో చేతి తొడుగుతోనే మీట నొక్కేశాడు.
"సూప్ ఎవరు కాస్తారో చెప్పలేదు."

రెండింటికి పెరడు నున్నగా ఉంది.
బఠాణీ సూప్, ఆవాల ముద్ద, నల్ల రొట్టె.
అప్పుడు దిగాడు మూడో అంతస్తు పెంత్తి,
ఉదయమంతా తెర వెనక నిలబడ్డవాడు,
ఖాళీ చేతుల్తో.
హిల్యా గరిటె గాల్లో కాస్త ఆగింది.
తర్వాత గిన్నె నిండింది.

తిని, ఎవరూ చెప్పకుండానే
కుళాయి కింద కుండ పెట్టుకు కూర్చున్నాడు.
నీళ్ళు వేళ్ళు కొరికేంత చల్లన.
అడుగంటింది రాదు. తోముతూనే ఉన్నాడు.

"ఆయనొక్కడే కదా," అంది వెన్లా,
"మరి అది ఉత్త పనేనా?"

కౌకో జవాబు చెప్పలేదు.
తుడవడానికి పొడిగుడ్డ ఎక్కడుందా అని
వెతుక్కుంటున్నాడు.