పక్కన రెండడుగులు

పొద్దున ఆరింటికే షట్టరు కొట్టినారు.
తులసీరామన్న పోయినాడంట,
రాత్రి, మద్రాసులో, నిద్రలోనే.
నేనింకా పళ్లు తోముకోలేదు.
మిషను వేడెక్కాలంటే పది నిమిషాలు పడతాది,
చిత్తూరికి అంత కూడా పట్టలేదు.

మొదట అభిమాన సంఘం.
ఎనిమిది వెడల్పు, పన్నెండు ఎత్తు.
భారతం మిట్టలో గద పట్టుకున్న పాత ఫోటోనే కావాలన్నారు,
మట్టి దుర్యోధనుడి తొడ మీద కాలు పెట్టి నిలబడింది.
వెనక మేఘాలు వెయ్యమన్నారు. వేసినా.
మేఘాల కింద తమ పదకొండు మొహాలు వెయ్యమన్నారు.
ఏడుస్తా ఉండేవి లేవు,
ఎవరి పెండ్లిలోనో నవ్వుకుంటా తీయించుకున్నవే ఇచ్చినారు.

తర్వాత మామిడి మండీ వాళ్లు, ఆటో స్టాండు,
ఆ తర్వాత
ఒకప్పుడు ఆయన పోస్టర్లకు పేడ కొట్టిన పార్టీ వాళ్లు.
అమరజీవి అనాల్నా, అశ్రునివాళి అనాల్నా అని
ఇద్దరు నా కుర్చీ వెనకే జగడమాడినారు.

ఎదురుగా టీ కొట్టులో కేసు మళ్లీ మొదలైంది.
కోర్టే వదిలిపెట్టినాక నువ్వెవుడ్రా, అంటాడు మునిరత్నం.
కోర్టు వదిలింది, బావి వదల్లేదు, అంటాడు పాల కుప్పయ్య.
చచ్చినోళ్లను అనకూడదప్పా, అన్నారెవరో.
ఏ చచ్చినోళ్లను?
గిన్నెలు కడిగే ఆమె, తల ఎత్తకుండానే.

కొడుక్కి ఆయన పేరు పెట్టుకున్న కండక్టరు
నిజంగానే ఏడ్చినాడు.
ఆ ఏడుపును నేను తప్పు పట్టను.
నాకు జ్వరమొచ్చిన రాత్రి మా నాయన భుజానేసుకోని పోయి
ఆయన భీముణ్ణి చూపించినాడు.
ఆ గొంతుకే జ్వరం దిగిందని
ఇప్పటికీ మా అమ్మ అంటాది.

ఆయన విడుదలైన దినం నాకు పందొమ్మిదేళ్లు.
అప్పుడు ఫ్లెక్సీలు యాడివి, గోడలే.
కోర్టు ఎదురు గోడ మీద 'న్యాయం గెలిచింది' అని
ఎర్ర రంగుతో రాసింది నేనే.
'గెలిచింది'లో ఒక గుడి మర్చిపోయి
మళ్లీ నిచ్చెనెక్కి పెట్టొచ్చినా.
నూటయాభై ఇచ్చినారు.

సంశయలబ్ధి అనే మాట ఆ దినమే విన్నా.
లబ్ధి ఆయన కారెక్కి మద్రాసు పోయింది.
సంశయం ఈడనే ఉండిపోయింది
ఇరవై ఆరేళ్లు, మా నీవా నది మాదిరి,
వచ్చిన ఏడు వచ్చింది,
రాని ఏడు ఇసక కింద ఉండింది.

మధ్యాన్నం మూడింటికి సెల్వి వచ్చింది.
అముద చెల్లెలు.
జ్యూసు ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి నేరుగా,
మోచేతుల దాకా తోతాపురి వాసన.
ప్లాస్టిక్ కవర్లోంచి చిన్న ఫోటో తీసింది,
వాళ్లక్క నాటకం కంపెనీలో కుట్టుపనికి చేరిన దినం తీయించిందంట.
రెండు మూడడుగులు చాలన్నా.
పేరు వెయ్యి. తేదీ వెయ్యి.
ఏ తేదీ?
బావిలో దొరికింది వద్దు. ఇంట్లోంచి పనికి పోయింది వెయ్యి.
కింద ఏం రాయాల?
ఏమొద్దు.

పది అడుగుల రోలు. ఆయన ఎనిమిది.
పక్కన ఎప్పుడూ రెండడుగులు మిగులుతాది,
ఎవరో కోళ్లగూటి మీద కప్పుకోను తీసకపోతారు.
ఖర్చు కలిసొస్తాదని ఆమెను ఆడ పెట్టినా.
దేవుడి మీద ఒట్టు, ఖర్చు కోసమే.

మిషను తల ఆ అంచు నుంచి ఈ అంచుకు
ఒకే నలుపు మోసుకోని పోయింది
ఆయన మీసం మీంచి ఆమె జడకు.
ఇద్దరూ వెంట్రుక వెంట్రుకా మొలుస్తా వచ్చినారు.
సెల్వి కూర్చోలేదు. నీళ్లిచ్చినా తాగలేదు.

రంగు ఆరల్ల.
బయట హారన్లు. ఊరేగింపు లేసిందంట,
సంఘం వాళ్లు షట్టరు మీద అరచేత్తో కొడతా ఉండారు.
బ్లేడు నా చేతిలోనే ఉంది.
ఇద్దరి మధ్యన తెల్ల గీత, అంగుళం కూడా లేదు.

కొయ్యన్నా, అనింది సెల్వి.
చూసి కొయ్యి.
ఆయన గద కొస ఇటు రాకుండా.