వెన్న శాతం

నా పాత చీరల్లో చిల్లులు లెక్కపెడితే
మా పాల సంఘం వయసు తెలుస్తుంది.
ఆసిడ్ చుక్క పడిన చోట
నూలు ముందు పసుపవుతుంది, తర్వాత ఉండదు.

గాజుగొట్టం పట్టుకోవడం నేర్పింది
మొల్లి సన్యాసప్పడు మావ.
"భయమేటే నూకరత్నం,
ఇది పాల చేత నిజం సెప్పించీ మందు.
చెయ్యి వొణక్కుండా వొంపు, సాలు."

అంతకు ముందు
మా గొట్టిపాలెంలో పాలకి నోరు లేదు.
షావుకారు సోల ఏం చెబితే అదే లెక్క.
దూడ చచ్చిన ఏడు ఇచ్చిన నలభై రూపాయలకి
ఈత మీద ఈత పాలు పట్టుకుపోయేవాడు.
గుంటలకి చుక్క మజ్జిగ కావాలంటే
మా గేదె పాలే మేం అరువడిగేవాళ్ళం.

మూడో తరగతి చదివిన మావ
ఒకనాడు బోరింగు దగ్గర, అందరూ చూస్తుండగా,
షావుకారు సోలతో నీళ్ళు ముంచి
భీమిలి సంతలో కొన్న సోలలోకి వొంపాడు.
నిండింది, పొర్లింది,
ఆయన కాళ్ళు తడిశాయి,
ఇంకా మిగిలాయి.

ఎవరూ నోరెత్తలేదు.
మా అత్త ఒక్కతే ఆ తడిమట్టి కేసి చూసి
"ఇరవయ్యేళ్ళ నుంచీ ఇదేనేటి" అంది.

పదకొండిళ్ళు. పంతొమ్మిది లీటర్లు. ఒక అద్దె సైకిలు.
కోడి కూయకముందే బయల్దేరాడు పట్నానికి.
మధురవాడ దగ్గర ట్యూబు పగిలింది.
హనుమంతవాక ఎత్తు నడిపించుకుంటూ ఎక్కి
పూర్ణా మార్కెట్ చేరేసరికి ఎండ ముదిరింది,
క్యాను మూత తీస్తే పాలు విరిగాయి.
హోటలాయన మూత మళ్ళీ పెట్టి
"రేపు రా" అన్నాడు, అదే దయ.

ఆ సాయంత్రం పదకొండిళ్ళకీ డబ్బు పంచాడు.
విరిగిన పాలకి వెల కట్టిన మనిషిని
మేం అదే చూడ్డం.
అప్పాయమ్మత్త కాళ్ళకి కడియాల్లేవని
రెండు రోజులు పోయాక గానీ గమనించలేదు.
ఆవిడ ఆయనతో రెండు నెలలు మాట్లాడలేదు,
పాలు మాత్రం పొద్దున్నే పంపింది.

కేంద్రం పెట్టిన మూడో ఏట
ఒక పొద్దున వాళ్ళింటి పాలు
నాలుగూ పాయింటు ఒకటి చూపించాయి.
గేదెపాలు! ఎప్పుడూ ఆరు దాటేవి.
మళ్ళీ పరీక్ష చేశాను. అదే నాలుగు.
పుస్తకంలో ఆరు అని రాశాను.
వెనకనుంచి మావ చూశాడు.
నా చేతిలో కలం తీసుకుని
ఆరు కొట్టేసి నాలుగూ ఒకటి వేసి
పైకి చదివాడు, వరసలో అందరికీ వినపడేట్టు.

వరస చివరనుంచి అత్త గొంతు:
"గుంటడికి జొరం.
ఆడికి తాగించి నీళ్ళు కలిపేను.
రాసుకో."

పదిహేను రోజుల పాల డబ్బు ఆ ఇంటికి ఆపేశారు.
ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో తెలీదు.
నెలాఖరు మీటింగులో మాత్రం
మావ వంకర అక్షరాల తీర్మానం ఇదీ:
"ఇంట్లో గుంటలకి ముందు గళాసుడు ఉంచుకోవాల.
మిగిల్తేనే కేంద్రానికి తేవాల.
ఉంచుకోనోల్లకి జరిమానా."
జరిమానా ఎంతో రాయడం మర్చిపోయాడు.
ఇప్పటికీ ఎవరూ రాయలేదు.

ఇప్పుడు ఆసిడ్ లేదు, పెట్టె ఉంది.
చుక్క వేస్తే ఎర్రంకెలు వెలుగుతాయి.
పాతవి అటకెక్కించమంటే
ఒక గొట్టం నా దగ్గరే ఉంచుకున్నాను.

మావ పోయిన తెల్లవారి
అయిదున్నరకి వ్యాను హారన్ కొట్టింది,
దానికేం తెలుసు.
వీధిలో మనిషి ఇంకా చాప మీదే ఉన్నాడు.
అప్పాయమ్మత్త క్యాను పట్టుకొచ్చింది.
అందరూ పక్కకి తప్పుకున్నా
వరసలోనే నిలబడింది.

ఆ ఒక్క రోజూ పెట్టె ముట్టలేదు నేను.
గొట్టం దించి, పాత సీసాలో అడుగున మిగిలిన ఆసిడ్ వొంపాను.
చెయ్యి వొణకలేదు.
ఆరూ పాయింటు నాలుగు.
పైకి చదివాను.

గొట్టం కడగడం మర్చిపోయాను, అంతే.